దిగువలంక స్లైడ్లు

"అక్షరాలు మరీ చిన్నవైపోయాయమ్మా. వెనక కూర్చున్నవాళ్ళకి కనపడవు."

వెంకటదుర్గ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

రాజమండ్రిలో ఇంటర్నెట్ సెంటరది. ఆమె కుర్చీ వెనక యాభై ఏళ్ళాయన ఒకరు నిలబడి కంప్యూటర్ కేసి చూస్తున్నారు. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయి ఉంది.

"మీరెవరండీ?"

"పైనుంచే వస్తున్నానమ్మా."

పై అంతస్తులోనే ట్రస్టు వాళ్ళ హాలు. ఓహో, వాళ్ళ కంప్యూటర్ చూసే మనిషన్నమాట అనుకుంది.

ఆవేళ ట్రస్టు వాళ్ళు బడిపిల్లలు గోదారి దాటడానికి మోటారు పడవ ఇస్తున్నారు. పడవ ఒక్కటే. అడుగుతున్నవి రెండు లంకలు. ఊరి కష్టమేంటో స్లైడ్లు వేసి చెప్పమన్నారు. దిగువలంక బడిలో వాలంటీరుగా పాఠాలు చెప్పే వెంకటదుర్గ, దీనికోసమే కిందా మీదా పడి పవర్ పాయింట్ నేర్చుకుంది.

"ఇంకో అరగంటలో నన్ను పిలుస్తారండి. ఇప్పుడు మార్చమంటే ఎలాగండీ?" విసుక్కుంది.

"అరగంట చాలమ్మా. ఒక్క స్లైడులో ఇన్ని మాటలెందుకు? మీరూ అదే చదివి, వాళ్ళూ అదే చదివితే, ఇంక మీ మొహం ఎవరు చూస్తారు?"

ఆమెకీ నిజమేననిపించింది.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మూలనున్న ఈ ఫొటో ఏంటమ్మా?"

"ఖాళీ ఉంది కదాని పెట్టానండి. ఆ పిల్ల పేరు చిన్నమ్మాయి. ఏడో తరగతి. మా పడవకి చిల్లండి. అవతలి రేవు వచ్చేదాకా సత్తుగిన్నెతో నీళ్ళు తోడిపోస్తూనే ఉండాలి. వానలు పడితే చాలు, ఆడపిల్లల్ని బడి మానిపించేస్తున్నారు."

ఆయన ఆ ఫొటోకేసి చాలాసేపు చూశారు.

"దీన్ని తెరంతా వచ్చేలా పెద్దది చెయ్యండి. పక్కన ఒక్క అక్షరం కూడా వద్దు. ముందు ఇదే వెయ్యండి. విద్యార్థినులు అనకండి, చిన్నమ్మాయి అనండి."

వెంకటదుర్గ అలాగే చేసింది. ఆయన ఒక్కో స్లైడూ చూస్తూ, ఇది తీసెయ్యండి, ఇది నోటితో చెప్పండి, అన్నారు. చివరికి చాలా కొద్ది మిగిలాయి.

"ఇంకోటమ్మా. మీ తెలుగు ఫాంటు పైన కంప్యూటర్లో లేదు. అక్షరాలన్నీ గళ్ళు గళ్ళుగా వస్తాయి. ఫాంటు కూడా సీడీలో వేసుకుని, మొదలెట్టకముందే ఎక్కించమనండి."

"లేదని మీకెలా..." అనబోయి ఊరుకుంది. వాళ్ళ కంప్యూటరేగా, ఆయనకి తెలియకేం!

"ఎంత చేసినా ఏదో ఒకటి ఆగిపోవచ్చు," ఆయన గొంతు తగ్గింది. "అప్పుడు తెరకేసి చూస్తూ నిలబడిపోకండి. అందులో ఏముందో మీకు తెలుసు. వాళ్ళవైపు తిరిగి చెప్పెయ్యండి. ఆ తిరగడమే కష్టం."

సీడీ తయారైంది. వెంకటదుర్గ దాన్ని ఆయనకి అందించబోయింది.

"మీరే పైకి తీసుకెళ్ళి ఎక్కించెయ్యండి. నేను మొహం కడుక్కుని వస్తాను," అంది.

ఆయన చెయ్యి చాచలేదు.

"నేను మళ్ళీ పైకి వెళ్ళనమ్మా. మీరే ఇచ్చుకోండి."

పని చెబితే చాలు తప్పించుకుంటారు అనుకుంటూ ఆమె మెట్లెక్కేసింది. థాంక్స్ కూడా చెప్పలేదు.

హాల్లో తెర నిండా చిన్నమ్మాయి కనపడగానే అందరూ మాటలాపేశారు.

రెండో స్లైడు మీద ఉండగా కరెంటు పోయింది.

తెర నల్లగా ఉంది. వెంకటదుర్గ ఒక్క క్షణం దానికేసే చూసింది. తర్వాత జనం వైపు తిరిగింది.

"చిన్నమ్మాయికి లెక్కలంటే ఇష్టమండి. పడవ దిగేసరికి పుస్తకాలు తడిసిపోతాయని, సంచీ నెత్తిమీద పెట్టుకుని ఓ చేత్తో పట్టుకుంటుంది. రెండో చేత్తో నీళ్ళు తోడుతుంది..."

కరెంటు వచ్చేసరికి ఆమె చెప్పడం అయిపోయింది. మళ్ళీ స్లైడ్లు వెయ్యమని ఎవరూ అడగలేదు.

పడవ దిగువలంకకే అన్నారు.

ఆమె పరుగున కిందికొచ్చింది. స్టూలు ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూర్చున్నాయన ఏరండీ?"

"బస్సుకి వెళ్ళిపోయారండి," అన్నాడు సెంటరు నడిపే అప్పాజీ. "కరెంటు పోయినప్పుడు మాత్రం, పైన ఆ అమ్మాయి ఏం చేస్తోందో అని మెట్ల దగ్గరే నిలబడ్డారు. మీ గొంతు వినపడ్డాక కదిలారు."

అంతలో ట్రస్టు కార్యదర్శి శివరామకృష్ణగారు మెట్లు దిగుతూ కనపడ్డారు. వెంకటదుర్గ ఎదురెళ్ళింది.

"మీ కంప్యూటర్ ఆయన చెప్పబట్టే గట్టెక్కానండి. ఆయనకి నా థాంక్స్ చెప్పండి."

"మా కంప్యూటర్ కుర్రాడు పొద్దుట్నించీ హాలు దాటి బయటికి రాలేదే?"

"కుర్రాడు కాదండి, పెద్దాయన. చొక్కా అంతా చెమట, కాస్త నెమ్మదిగా మాట్లాడతారు..."

శివరామకృష్ణగారు ఆమెకేసి వింతగా చూశారు.

"ఆయన ఎగువలంక మాస్టారమ్మా, మీకంటే ముందు ఆ పడవ కోసమే వచ్చి, తెరమీద గళ్ళు తప్ప ఒక్క ముక్కా కనపడక, నోరు పెగలక దిగిపోయారు."