రిపేరుకిచ్చిన బొమ్మ

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మిక్సీ పక్కన ఒక కసిబొమ్మ ఉంటోంది. మనల్ని ఏడిపించినవాడి ఫొటో ఇస్తే అచ్చం వాడిలాగే నిలువెత్తున, నడిచి మాట్లాడేలా చేసి పంపుతారు. దాన్ని ఎంత కొట్టినా పాపం అంటదని టీవీలో స్వాములవారు కూడా సెలవిచ్చారు.

పైడితల్లి ఇంట్లో ఉన్నది సూపర్‌వైజర్ కోదండరావు బొమ్మ. రొయ్యల ఫ్యాక్టరీలో జ్వరంతో నిలబడలేనన్న ఆమె చెల్లెల్ని ఐసుగదిలో పెట్టి తాళం వేసినవాడు అతనే. ఆ పిల్ల మళ్లీ లేవలేదు. పైడితల్లి రోజూ కుక్కర్ కూత వేసేలోగా బొమ్మను బాదేది. మెడ విరిగితే మొన్న రిపేరుకిచ్చింది.

ఈ ఉదయం తలుపు తీస్తే గుమ్మంలో కోదండరావు.

"తప్పయిపోయిందమ్మా, క్షమించు," అంటూ కాళ్ల మీద పడ్డాడు.

రిపేరు బాగా చేశారనుకుని ఆమె అప్పడాల కర్ర అందుకుంది.

"నేను బొమ్మను కాదమ్మా," అని ఏడ్చాడు.

కొత్త మాటలు కూడా నేర్పారని ముచ్చటపడి ఇంకో రెండు వేసింది. అప్పుడు నేల మీద రక్తం కనబడింది. బొమ్మకు రక్తం రాదు. కర్ర గాలిలోనే ఆగిపోయింది.

అంతలో రిపేరు షాపు మనిషి బొమ్మను భుజాన వేసుకుని వచ్చాడు. కిందపడి ఉన్నవాణ్నీ, భుజం మీది బొమ్మనీ మార్చి మార్చి చూశాడు.

"దాన్ని ఎనక్కి అట్టుకుపో బాబూ," అంది పైడితల్లి. "మాకు ఇదే బాగుంది."