హక్కున్నోళ్ళు రావాలహో!

"చాటింపు పడంది బయానా చేతుల పెట్టేది లేదు పటేలా!" చావడి గద్దె మీద మఠం వేసుకుని కూర్చున్న కైలాసం తేల్చి చెప్పేశాడు.

లింగమూర్తి పటేలుకు చుర్రుమంది. మెట్ట భూమి కొనడానికి లక్సెట్టిపేట నుంచి వచ్చిన నూలు వ్యాపారి, తన ఊళ్ళో తన మాటే నమ్మనంటాడా!

"నా చెల్క నేనమ్ముకునేతందుకు డప్పు కొట్టియ్యాల్నా? పహాణీ కాయితంల నా పేరు సూడలేదా?"

"సూసిన. హద్దులు నడిచిన. వానకాలం గోదారి యాడిదాంక ఎక్కుతదో అడిగి తెల్సుకున్న. గీ ఒక్కటే మిగిలింది. కొత్త కానూను వచ్చె గదా! కౌలుదారున్న భూమి ఆయన్ని అడగకుంట కొంటె చెల్లది. రేపెవడన్న వచ్చి నా నెత్తి మీద కూసుంటె?"

"కౌలుదారా! నా చెల్క నా జీతగాళ్ళే దున్నుతరు."

"అయితె ఫికరేంది? కొట్టియ్యి."

పక్కనే ఉన్న కైలాసం భార్య చంద్రవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నన్ను చేసుకునేటప్పుడు గూడ మా ఊర్ల చాటింపేయించినవా ఏంది?" అంది. నవ్వింది గానీ, మొగుడి జాగ్రత్త ఆమెకు ముద్దే. ఈ చెల్క కోసం ఆమె వెండి కడియాలు అమ్ముడుపోయాయి మరి! తారురోడ్డు పడితే ధర రెండింతలవుతుందని కైలాసం లెక్క. తేడా వస్తే ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది.

పటేలు పళ్ళు కొరుక్కుంటూనే ఊళ్ళో చాటింపు వేసే ముత్యాన్ని పిలిపించాడు. ఏమని చాటాలో కైలాసమే చెప్పాడు. ముత్యం ఒక్కసారి విని తలాడించాడు.

"ఒక్క గల్లీ ఇడిసిపెట్టకు. పొలాలల్ల ఉన్నోళ్ళకు గూడ ఇనబడాలె" అన్నాడు కైలాసం.

డప్పు మోగింది. "రోడ్డు పక్క చెల్క అమ్మకమైతుందహో! కౌలు హక్కున్నోళ్ళు పొద్దుగూకే లోపట చావడికి రావాలహో! రాకుంటె హక్కు లేనట్టేనహో!"

ఏం గొంతు అది! వాడ వాడా తిరిగి, వాగు దాటి వినిపించింది. తన మాటలే ఊరంతా మారుమోగుతుంటే కైలాసం ఛాతీ ఉప్పొంగింది. పట్నపు వకీలుకైనా ఇంత ముందుచూపు ఉంటుందా అనుకున్నాడు.

జనం వచ్చారు, తమాషా చూడ్డానికి. హక్కు మాట ఎత్తినవాళ్ళు లేరు. ముసలి కిష్టవ్వ కర్ర పొడుచుకుంటూ నేరుగా తన ముందుకే వస్తుంటే మాత్రం కైలాసం బయానా మూటను గబుక్కున ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నీకేమన్న హక్కున్నదా అవ్వా?"

"నాకేం హక్కు బిడ్డా! గట్టు మీది గడ్డి కోసుకోనిస్తవా అని అడుగుదామని వచ్చిన."

"హమ్మయ్య! కోసుకో అవ్వా, కావల్సినంత కోసుకో!" అప్పుడే ఆసామి అయిపోయినంత దర్జాగా అన్నాడు.

పొద్దు వాలింది. పటేలు మీసం దువ్వుకున్నాడు. "ఏమాయె షావుకారీ? ఈ ఊర్ల నాకెదురుగ నోరిప్పెటోడు పుట్టలే."

"సూసినవానే!" కైలాసం భార్య వైపు గర్వంగా తిరిగాడు. "జమీను కొనుడంటె గిట్ల కొనాలె." బయానా మూట విప్పాడు.

అంతలో ముత్యం చెమటలు కక్కుతూ వచ్చాడు.

"శభాష్! ఊరు ఊరంత ఇన్నది. ఇగో, ఇది నీ ఇనాం" అని కైలాసం రూపాయి చాపాడు.

ముత్యం అందుకోలేదు. డప్పు కింద పెట్టాడు. కాళ్ళ దుమ్ము దులుపుకుని, మెట్లెక్కి, కైలాసం సరసనే గద్దె మీద నిటారుగా కూర్చున్నాడు.

"ఏందిరా, గద్దెక్కినవు?" పటేలు చెయ్యి మీసం మీంచి జారింది.

"పొద్దింక గూకలే పటేలా! ఊరందర్ని నేను పిలిచిన. నన్ను పిలిచెటోడే లేకపాయె. అందుకె నా అంతల నేనే వచ్చిన, ఆ చెల్క కౌలుదారుని!"