తుప్పు గొట్టం

“అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తారా?”

వాకిట్లో నిలబడ్డ మనిషిని చూడగానే ఫలేసి చేతిలో చేట జారింది. మొక్కజొన్న గింజలు నేలంతా పరుచుకున్నాయి.

వాడే! ఎడమ కనుబొమ్మ మీద అదే గాటు.

నాలుగేళ్ళ కిందట విదేశీ సాయం సంస్థవాళ్ళు ఊళ్ళో బోరింగు వేసినప్పుడు, దగ్గరుండి గొట్టాలు దింపించిన మేస్త్రీ. ఆ రోజు ఊరంతా పాడింది, ఆడింది. మొదటి కప్పు నీళ్ళు ఫలేసి కూతురు తమందా తాగింది. తెల్లదొరలు ఫొటోలు తీసుకున్నారు.

ఎనిమిది నెలలకే గొట్టాలు తుప్పుపట్టాయి. ఎర్రనీళ్ళు వచ్చాయి. తర్వాత అవీ రాలేదు. ఆడవాళ్ళు మళ్ళీ బకెట్లు పట్టుకుని షిరే నదికి వెళ్ళడం మొదలుపెట్టారు.

అలా వెళ్ళిన తమందాను మొసలి లాక్కుపోయింది.

ఆ బోరింగు వేసినవాళ్ళలో ఒక్కడు దొరికినా వదలనని ఫలేసి ఆనాడే ఒట్టు పెట్టుకుంది. ఇదిగో, దొరికాడు.

“నీళ్ళేగా? ఎందుకివ్వను బాబూ, కూర్చో.”

లోపలికి వెళ్ళి కుండలోంచి నది నీళ్ళు ముంచుకొచ్చింది. బురద ఇంకా తేరలేదు.

“తాగు. మీరు మాకు పెట్టిన భిక్ష ఇదే.”

అతను కప్పు వంక చూశాడు. గుక్క తిప్పుకోకుండా తాగేశాడు.

“పీకేసిన పాత గొట్టం ముక్క ఏమైనా ఉందా తల్లీ? చాలా అవసరం.”

ఉంది. పగ మర్చిపోకూడదని ఇంటి చూరులో దాచుకుంది.

“ఓహో! చేసిన పాపం ఆనవాలు లేకుండా తుడిచేద్దామనా?”

“ఒక్క మాట విను తల్లీ...”

“మాటలన్నీ ఆ రోజే విన్నాం. చప్పట్లు కూడా కొట్టాం. పద!”

అప్పటికే నలుగురాడవాళ్ళు పోగయ్యారు. అతన్ని నది దాకా నడిపించుకుపోయారు.  అతను భుజాన ఉన్న సంచిని గట్టిగా పట్టుకున్నాడు.

రేవు దగ్గర ఆగి, మెల్లగా అడిగాడు.

“తమందా... ఇక్కడేనా?”

ఫలేసికి ఒళ్ళు భగ్గున మండింది.

“నీ పాడు నోటితో నా బిడ్డ పేరెత్తకు!”

సంచి లాగేసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నదిలోకి విసిరింది. బరువైన సంచి. బుడుంగున మునిగిపోయింది.

“అయ్యో!” అంటూ అతను నీళ్ళలోకి ఉరకబోయాడు. ఆడవాళ్ళు చొక్కా పట్టుకుని ఆపారు. అవతలి ఇసుకదిబ్బ మీంచి మొసలి ఒకటి నీళ్ళలోకి జారింది.

“వదలండే! నా బిడ్డ దిగిన నీళ్ళే. వాణ్ణీ దిగనివ్వండి!” అని అరిచింది ఫలేసి.

అతను ఒడ్డున చతికిలపడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఫలేసి కళ్ళారా చూసింది. ఇన్నేళ్ళ కడుపుమంట కాస్త చల్లారింది. కాసేపటికి అతను లేచి, వచ్చిన దారినే ఎండలో వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఊరిపెద్ద చపోలా పట్నం నుంచి సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు.

“ఫలేసీ! కనుబొమ్మ మీద గాటున్న మనిషి వచ్చాడా? గొట్టం ముక్క ఇచ్చావా?”

“ఇవ్వకేం పెద్దయ్యా! బురదనీళ్ళిచ్చాను. వాడి సంచిని మొసళ్ళకిచ్చాను!”

చపోలా చేతుల్లోంచి సైకిలు పడిపోయింది.

“ఎంత పని చేశావే పిచ్చిదానా! నలభై ఊళ్ళు నడిచి పోగేసిన గొట్టం ముక్కలే అందులో! మనదే ఆఖరి ఊరు. సోమవారం అవి కోర్టులో చూపించాలిట. పొద్దున పట్నంలో ఆయన లాయరు చెప్పాడు.”

“కోర్టా?”

“డబ్బిచ్చేవాళ్ళు తమ దేశపు గొట్టాలే కొనాలని షరతు పెట్టారట. మన నేలలోని ఉప్పునీళ్ళకు అవి ఆగవని ఆ మేస్త్రీ సంస్థవాళ్ళకు కాగితం మీద రాసిచ్చాడు. అందుకే ఉద్యోగం ఊడబెరికారు.”

ఫలేసి చూరులోంచి గొట్టం ముక్క లాగింది. చపోలా ముందు పెట్టింది.

“ఇదుంది కదా పెద్దయ్యా?”

“ఒక్కటేం సరిపోతుందమ్మా!”

“మరి... ముందే వచ్చి ఒక్క ముక్క చెప్పొచ్చుగా నాతో!”

“గెలిచే దారి దొరికేదాకా నీకు ముఖం చూపించలేనన్నాడట,” అన్నాడు చపోలా. “తమందా చావుకు జవాబు చెప్పమని ఆ సంస్థ మీద కేసు వేసింది ఆయనే.”