ట్రాక్ మోడల్

"రోజూ ఆఫీసుకి నడిపేది నేను. నాకు ట్రాక్ మోడలే కావాలి," అంది భార్య, షోరూమ్‌లో ఎర్ర స్పోర్ట్స్ కారు పక్కన నిలబడి.

"అది పందేలకి చేసిన బండి. ప్రతి గతుకూ వెన్నుకి తగుల్తుంది. తేలిగ్గా ఉండాలని వెనక సీట్లు కూడా పీకేశారు. మామూలు మోడల్ తీసుకో, ఇంజను అదేగా," అన్నాడు భర్త.

"వెనక ఎవరు కూర్చుంటారు?"

"రేపు అవసరం పడదా?"

ఆమె కారు తలుపు ధడాలున మూసింది.

"ఆ రేపటి కోసమే ఇంకో గది ఉన్న ఇల్లు కొన్నావు. గోడలకి బొమ్మల కాగితం అంటించావు. ఇక పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పి ఏడాదైంది, అయినా ఆ కాగితం తియ్యవు. ఇప్పుడు నా కారులో కూడా ఖాళీ సీట్లు మోసుకు తిరగాలా?"

మంచినీళ్ళు తెస్తానంటూ సేల్స్ అమ్మాయి మెల్లగా తప్పుకుంది.

తను ఆశ వదలకపోతే ఆమెకు ధైర్యంగా ఉంటుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది ఆమెను రోజూ పొడుస్తోందని ఇప్పుడు తెలిసింది.

ట్రాక్ మోడల్ తలుపు తీసి, డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు.

"పొద్దున్నే నన్ను కూడా మా ఆఫీసు దగ్గర దింపుతావా?"

"ఆలస్యం చేస్తే వదిలేసి పోతాను," అంది ఆమె, కోపం తగ్గకుండానే.