దోసిలి నీళ్ళు

"చేపలు మళ్ళీ చచ్చాయండీ. ఇది మూడోసారి," ఫోన్‌లో అరిచాడు కరుణాకర్.

"చేపల కవరు విప్పకుండా అద్దాల తొట్టిలో తేలనిచ్చావా?" అడిగాడు గుంటూరులో రంగుచేపలు అమ్మినాయన.

"అరగంట ఉంచా. లైటు ఆపా. మేత వెయ్యలా. తొట్టి నీళ్ళు కవర్లో కొంచెం కొంచెంగా కలిపా. ఇంకేం చెయ్యాలి, జోల పాడాలా?"

"దేంతో కలిపావు?"

"దోసిలితో."

"అంతకుముందు ఏం పని చేశావు?"

"మిరపతోటకి పురుగుమందు కొట్టొచ్చా. సబ్బుతో కడుక్కున్నాలెండి."

"ఆ మందు ఒకసారి కడిగితే పోదయ్యా. చేపలకి ఆ కాస్త చాలు."

కరుణాకర్ ఫోన్ పెట్టేశాడు. మూడుసార్లూ పురుగుమందు కొట్టి వచ్చాకే చేపల్ని తొట్టిలో వదిలాడు.

అప్పుడే మూడేళ్ళ కూతురు జెస్సీ అన్నం కంచంతో వచ్చి, అతని ఒళ్ళో కూర్చుని నోరు తెరిచింది.

కంచం దాకా వెళ్ళిన అతని చెయ్యి ఆగిపోయింది.

"రెబ్కా, పాపకి నువ్వు తినిపించు," భార్యను కేకేశాడు.

"పొలం నుంచి రాగానే రోజూ నువ్వేగా పెట్టేది. ఇవాళేమైంది?"