రెక్కలొచ్చేదాకా

“బావా, సిమెంటు కలిపీసేను. మూసీమంటావా?” తాపీ మేస్త్రి ఎల్లాజీ కేకేశాడు.

మేడ మీద గదికి రేకుల కప్పు. రేకులకీ గోడకీ మధ్య బెత్తెడు సందు. అందులోంచే గబ్బిలాలు చేరి, లోపల కొట్టిన ప్లైవుడ్ సీలింగు మీద కాపురం పెట్టాయి. గది నిండా రెట్టల కంపు. పొద్దు వాలడంతో అవి మేతకి పోయాయి. సందు మూయడానికి అదే అదును.

“మూసీమనండి,” అంది మెట్ల దగ్గర నిలబడ్డ జ్యోతిర్మయి.

ఆమె భర్త కొండలరావుకి ఆటోనగర్లో లేతు షాపు. పని ఏదైనా తన కంటితో చూసుకుంటే గాని తృప్తి ఉండదు. నిచ్చెనెక్కి సందులోకి టార్చి వేశాడు. వెదురు వాసాన్ని పట్టుకుని గబ్బిలం పిల్లలు కనిపించాయి. ఒంటి మీద ఇంకా నూగైనా రాలేదు. ఒకదాన్నొకటి కరుచుకుని వణుకుతున్నాయి.

“ఆపీరా ఎల్లాజీ. ఇప్పుడు మూసీసేవంటే తల్లులు బయటా, పిల్లలు లోపలా. పాల్లేక సచ్చిపోతాయి.”

“మరి కలిపిన సిమెంటో?”

“పెరటి గట్టుకి పూసీ. ఈటికి రెక్కలొచ్చేదాకా సందు జోలికి పోవద్దు.”

“మూసీండి,” జ్యోతిర్మయి మళ్లీ అంది. “ఆటికేటైతే మనకేటి?”

కొండలరావు ఆమెను ఎగాదిగా చూశాడు. కట్టుకుని రెండేళ్లయింది. ఈ మనిషిలో ఇంత రాయి ఉందని అతనికి తెలీదు.

సంగతి వీధంతా పాకింది. పక్కింటి పోతమ్మ పనిగట్టుకుని వచ్చింది.

“గబ్బిలాలు దూరిన కొంప కలిసిరాదంటారు. అయినా నీ పెనిమిటి ఆటిని ఉంచీసేడు. ఎన్నలాంటి మనసే ఆడిది. నీకేటే అంత కసి?”

జ్యోతిర్మయి తలెత్తకుండా బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది.

ఒక సాయంత్రం ఒక పిల్ల జారి గచ్చు మీద పడింది. కొండలరావు దాన్ని పాత తువ్వాలుతో పట్టుకుని, సందు పక్కన గోడ గరుకుకి అంటించి దూరంగా నిలబడ్డాడు. చీకటి పడుతుండగా ఒక గబ్బిలం గిర్రున తిరిగి వచ్చి గోడకి వాలింది. పిల్ల పాక్కుంటూ దాని పొట్ట కిందకి దూరింది.

“జ్యోతీ, ఇలా రా,” అని పిలిచాడు. “సూడు, ఈ సీకట్లోనూ తన పిల్లని ఎలా ఎతుక్కుందో.”

జ్యోతిర్మయి చూసింది. చూస్తూ చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయింది. కంపు పడలేదనుకున్నాడు. మర్నాడు షాపులో ఈ ముచ్చట చెబుతుంటే వినేవాళ్లు పని ఆపి మరీ విన్నారు. తన కళ్లు చెమర్చినందుకు కొండలరావు సిగ్గుపడలేదు.

ఎండలు తగ్గి సముద్రం మీంచి మబ్బులు పట్టాయి. పిల్లలు తల్లుల వెనకే ఎగరడం మొదలెట్టాయి. ఒక్కటీ మిగల్లేదని చూసుకున్నాకే ఎల్లాజీ చేత సందు మూయించాడు. ప్లైవుడ్ పీకించి, గది కడిగించి, సున్నం వేయించాడు. కిటికీ తెరిస్తే చల్లటి గాలి దూసుకొచ్చింది.

జ్యోతిర్మయి పైకొచ్చి గది మధ్యలో నిలబడింది. గోడల్ని అరచేత్తో తడిమింది.

“గది బాగుంది,” అంది. ఆ వేసవి మొత్తం మీద ఆమె మెత్తగా అన్న మొదటి మాట అది.

కొండలరావు పొంగిపోయాడు. “పాపం సేసుకోకుండా పని అయిపోనాది. అదే నాకు సాలు. ఇప్పుడు సెప్పు, ఈ గదిలో ఏటి పెట్టుకుందాం?”

“ఒక సిన్న మంచం ఎయ్యించండి.”

“సిన్న మంచమా? ఎవలికి?”

ఆమె అతని మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు అర్థమయ్యాక కొండలరావు కిటికీ రెక్క మూసి గడియ పెట్టాడు.

“నీ కూతురు ఈ గుమ్మం తొక్కకూడదని పెళ్లికి ముందే సెప్పీసేను కదా.”