ముందు తొట్టెలోది

పల్లంరాజు రంగుచేపల దుకాణంలో ముందు తొట్టెలో ఉన్న ఎనిమోన్‌ని ఎలాగైనా ఎత్తుకురావాలని సూర్యప్రకాశం మాస్టారు నిర్ణయించుకున్నారు. దొంగతనం అనే మాట ఆయనకి నచ్చలేదు. తన దగ్గరున్నది అక్కడ పెట్టి, అక్కడున్నది తను తెచ్చుకుంటే అది మార్పిడి. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి ఆ మాత్రం తెలియదా.

తప్పంతా పల్లంరాజుది. నారింజ రంగు మీద తెల్లచారలున్న క్లౌన్ చేపల జంటని అమ్మినప్పుడు, "వీటి కాపరానికి ఎనిమోన్ కావాలండి. చూడ్డానికి సముద్రప్పువ్వు, నిజానికి జంతువు. జాతి చూసి ఎంచుకోవాలి, సంబంధం చూసినట్టే" అన్నాడు. అని, వెనక గదిలోంచి ఒకటి తెచ్చి అంటగట్టాడు.

అది ఇంటికొచ్చిన రోజే తడిసిన జేబురుమాలులా ముడుచుకుంది. చేపలు దాని మొహం చూడలేదు. నీటి మోటారు వెనక సందులో సర్దుకున్నాయి.

ముందు తొట్టెలోది మాత్రం ఎప్పుడు చూసినా పళ్ళెమంత విచ్చుకుని ఉండేది. ఎంత అడిగినా, "అది అమ్మేది కాదండి" అనేవాడు పల్లంరాజు.

నెలాఖరు ఆదివారం తోడల్లుడు వెంకటరత్నం తణుకు నుంచి వస్తున్నాడు. "మా అన్నయ్యగారి చేపలు మోటారు సందులో అద్దెకుంటున్నాయి" అని అతను ఇప్పటికే మూడు పెళ్ళిళ్ళలో జనాన్ని నవ్వించాడు. నాలుగో పెళ్ళి దాకా ఆగడం మాస్టారి వల్ల కాలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన టిఫిన్ క్యారియర్ పట్టుకుని దుకాణానికి వెళ్ళారు. పై గిన్నెలో పులిహోర. కింది గిన్నెలో ఉప్పునీళ్ళు, అందులో ముడుచుకున్న ఎనిమోన్.

"ఆ వెనక తొట్టెలో నీలం చేప ఒకటి పట్టవోయ్."

"ఏదండి? అరవై ఉన్నాయి."

"కాస్త దిగులుగా ఉంది చూడు, అది."

పల్లంరాజు వల పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. "ఇదాండి?"

"అది బాగానే ఉంది కదయ్యా. దిగులుగా ఉన్నది."

అతను నాలుగో చేపని పట్టేలోపే మార్పిడి అయిపోయింది. ఎనిమోన్‌ని రాతి నుంచి ఊడదీయడం మహా కష్టమని విన్నారు గానీ, మాస్టారి చెయ్యి పడగానే ఇట్టే వచ్చేసింది. తన చేతివాటం ఇన్నాళ్ళూ సుద్దముక్కల పాలయిందే అనిపించింది ఆయనకి.

ఇంట్లో తొట్టెలో పెట్టిన గంటకే చేపలు రెండూ వచ్చి దాని మధ్యలో దూరాయి. మాస్టారు రెండు పూటలా దానికి రొయ్య ముక్క పెట్టారు. పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని చూసేసరికి ముక్క ఉండేది కాదు. దాని పుణ్యమా అని చేపలు కూడా ఒళ్ళు చేశాయి.

ఆదివారం వెంకటరత్నం తొట్టె ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు చూశాడు. "ఎంపికంటే ఇదీ, అన్నయ్యగారూ" అన్నాడు చివరికి. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో చూసి మాస్టారి కడుపు నిండిపోయింది.

సరిగ్గా అప్పుడే పల్లంరాజు బకెట్‌తో గుమ్మంలోకి వచ్చాడు.

"మీది మా తొట్టెలో మర్చిపోయారండి" అంటూ అతను బకెట్ కింద పెట్టాడు. అందులో ఆ పాత ఎనిమోన్, పళ్ళెం కాదు, విస్తరంత విచ్చుకుని ఉంది. "కాస్త మంచి వెలుతురు తగిలేసరికి తేరుకుందండి."

మాస్టారు మాట మార్చారు. "ఇదిగో, దీనికి మాత్రం ఏ లోటూ చెయ్యట్లేదోయ్. రోజూ రెండు రొయ్యలు."

పల్లంరాజు తొట్టెలోకి చూశాడు. వెంకటరత్నాన్ని చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"అది తినదండి. దిష్టికి పెట్టుకున్న రబ్బరుదండి. అసలైంది ముందర పెడితే మీలాంటి పెద్దల కళ్ళు పడతాయని."